క్యూకి యూ తోడు అక్కర్లేదు

(తిరుపతిలో ఒక ఆదివారం పొద్దున, అక్షరాల బిళ్ళలతో బోర్డు మీద ఇంగ్లిషు మాటలు పేర్చే స్క్రాబుల్ ఆట నేర్చుకుంటున్న పిల్లలకూ వాళ్ల వెంట వచ్చిన పెద్దవాళ్లకూ ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తా ఉందా? సరే.

పిల్లలూ, ఒక ప్రశ్న. ఇంగ్లిషులో క్యూ అక్షరం తర్వాత ఏం రావాలి? చూడండి, అందరూ ఒకే గొంతుతో చెప్పేశారు, యూ అని. బళ్లో నేర్పింది అదే. తప్పు అనను. కానీ సగమే నిజం. ఆ సగం నిజాన్నే నమ్ముకుని కూర్చుంటే, ఆట చివర్లో చేతిలో క్యూ ఒక్కటీ మిగిలిపోయి దిక్కులు చూడాల్సి వస్తుంది. ఇవాళ మిగతా సగం చెప్తాను.

ముందు లెక్క. పెట్టెలో 100 బిళ్ళలు ఉంటాయి. 98 అక్షరాలు, 2 ఖాళీవి. ఈ అనే అక్షరం పన్నెండు బిళ్ళలు, ఏ తొమ్మిది, ఐ తొమ్మిది. క్యూ ఎన్ని? ఒక్కటి. జెడ్ ఒక్కటి. జే, ఎక్స్, కే కూడా ఒక్కోటే. క్యూకీ జెడ్‌కీ పదేసి పాయింట్లు, జేకీ ఎక్స్‌కీ ఎనిమిదేసి, కేకి అయిదు. ఇవి ఎవరో చీట్లు తీసి ఇచ్చిన అంకెలు కావు. ఆల్ఫ్రెడ్ బట్స్ అని న్యూయార్క్ ఆర్కిటెక్ట్ ఒకాయన 1930ల్లో ఈ ఆట తయారుచేస్తా, వార్తాపత్రికలు ముందు పెట్టుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తా ఉందో కూర్చుని లెక్కపెట్టాడు. తరచూ వచ్చేదానికి తక్కువ, అరుదుగా వచ్చేదానికి ఎక్కువ. స్క్రాబుల్ అనే పేరు తర్వాత, 1948లో వచ్చింది.

ఇప్పుడు గమనించండి. క్యూ ఒక్కటి, యూలు నాలుగు. ఆ నాలుగు యూలూ ఎదుటివాళ్ల చేతికి పోతే? క్యూ మీ దగ్గరే కూర్చుంటుంది. ఆట అయిపోయేటప్పటికి అది చేతిలో మిగిలితే మీకు పది తగ్గుతుంది, ముందుగా బిళ్ళలు అయిపోగొట్టినవాళ్లకి పది పెరుగుతుంది. అంటే తేడా ఇరవై. మార్చుకుందామా అంటే, సంచీలో కనీసం ఏడు బిళ్ళలు ఉంటేనే మార్చుకోనిస్తారు. చాలామంది సంచీలో అయిదో ఆరో ఉన్నప్పుడు గుర్తు తెచ్చుకుంటారు. అప్పటికి తలుపు మూసేసుంటుంది.

అందుకని యూ లేని క్యూ మాటలు. మొదటిది అన్నిటికంటే చిన్నది, క్యూ-ఐ. రెండక్షరాలే. చదివేటప్పుడు "క్వి" అనకండి. "చీ" అనాలి. చైనా వైద్యంలో, అక్కడి కసరత్తుల్లో ఒంట్లో తిరిగే ప్రాణశక్తికి పెట్టిన పేరు. మన ప్రాణం అనే మాటకి దగ్గర. మరి చీ అనేదాన్ని క్యూతో ఎందుకు రాశారు? చైనా ప్రభుత్వం 1958లో పిన్‌యిన్ అనే పద్ధతి తెచ్చింది, చైనా మాటల్ని రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతి. అందులో చ లాంటి ఒక శబ్దానికి క్యూ అక్షరాన్ని కేటాయించారు. అంతకు ముందు పద్ధతిలో ఇదే మాటని సీ-హెచ్-ఐ అని రాసేవాళ్లు. జపానువాళ్లు ఇదే మాటని "కీ" అంటారు, కే-ఐ. ఇప్పుడు చూడండి, సీ-హెచ్-ఐ, కే-ఐ, క్యూ-ఐ, మూడూ ఆటలో చెల్లుతాయి. మాట ఒక్కటే, మూడు దారుల్లో ఇంగ్లిషులోకి వచ్చింది. అర్థం ఒకసారి పట్టుకుంటే మూడు మాటలు ఒకేసారి వచ్చేసినట్టే కదా?

ఇక రెండో గుంపు. ఇది మనకి ఇంకా సులువు, ఎందుకంటే ఇంగ్లిషువాళ్ల కంటే మనకే ఈ మాటలు బాగా తెలుసు. ఖాజీ అంటే తెలియనివాళ్లు ఉన్నారా? క్యూ-ఏ-డీ-ఐ. ఫకీరు? ఎఫ్-ఏ-క్యూ-ఐ-ఆర్. వక్ఫ్ భూములు అని పేపర్లో చదువుతా ఉంటారు, డబ్ల్యూ-ఏ-క్యూ-ఎఫ్. తలాక్, టీ-ఏ-ఎల్-ఏ-క్యూ. బురఖా, బీ-యూ-ఆర్-క్యూ-ఏ. ఇందులో యూ ఉంది, కానీ క్యూ వెనకాల కాదు, ముందు. ఇవన్నీ అరబ్బీ మాటలు. అరబ్బీలో గొంతు లోపలి నుంచి, కొండనాలుక దగ్గర పలికే ఒక క ఉంది. దాన్ని కాఫ్ అంటారు. ఆ శబ్దానికి ఇంగ్లిషులో అక్షరం లేదు, అందుకని ఊరికే పడున్న క్యూని దానికి ఇచ్చారు. మన తెలుగులోకి వచ్చేసరికి అది ఒకచోట ఖ అయింది, ఒకచోట క అయింది. శ్రీకాళహస్తి కలంకారీలో కలం అనే మాట ఉంది చూడండి, అది అరబ్బీలో మొదలయ్యేది ఈ అక్షరంతోనే. అట్లని ప్రతి ఉర్దూ మాటనీ క్యూ పెట్టి బోర్డు మీద పరిచేయకండి. ఆటకి ఒప్పుకున్న మాటల జాబితాలో ఉండాలి.

పాయింట్లు చెప్తాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. వక్ఫ్ 19. ఫకీరు 17. ఖాజీ 14, తలాక్ 14. ఇంకొకటి క్యూ-ఏ-టీ, 12. యెమెన్‌లోనూ తూర్పు ఆఫ్రికాలోనూ మన తమలపాకు మాదిరి నమిలే ఆకు, మత్తునిస్తుంది. ఇది కే-ఏ-టీ అనీ చెల్లుతుంది, కే-హెచ్-ఏ-టీ అనీ చెల్లుతుంది. ఫకీరు కేతో రాసినా చెల్లుతుంది, బురఖా కేతో రాసినా చెల్లుతుంది. చేతికి క్యూ రాకుండా కే వచ్చిందనుకోండి, ఇదే జాబితా పనికొస్తుంది.

ఒక జాగ్రత్త. క్యూతో అయిపోయే దేశం పేరు ఇరాక్, క్యూతో మొదలయ్యే దేశం పేరు ఖతార్, రెండూ చెల్లవు. ఊరి పేర్లు, దేశాల పేర్లు, మనుషుల పేర్లు ఏవీ చెల్లవు. తెలివితేటల కొలత అంటారే, ఐ-క్యూ, అదీ చెల్లదు. టీవీ చెల్లదు, ఏసీ చెల్లదు. పొడి అక్షరాలు మాటలు కావు. ఓకే మాత్రం ఈ మధ్యే చెల్లుబాటు అయింది, అమెరికా జాబితాలో 2018లో, మనం వాడే కాలిన్స్ జాబితాలో 2019లో. ఆ ముందు వరుసలో ఎవరో అడుగుతున్నారు, ఏ-ఐ చెల్లుతుందా అని. చెల్లుతుంది బాబూ, కానీ నువ్వు అనుకునే ఏఐ కాదు! దక్షిణ అమెరికాలో చెట్లకి తలకిందులుగా వేలాడతా, నిమ్మళంగా కదిలే జంతువు ఉంది కదా, స్లాత్ అంటారు. మూడు గోళ్లు ఉండే రకం స్లాత్ పేరు ఏ-ఐ. ఈ కృత్రిమ మేధ హడావుడి మొదలవక ముందు నుంచే అది జాబితాలో వేలాడతానే ఉంది.

రెండు బిళ్ళలతో 62

ఇక ఈ చిన్న మాటలు ఎందుకంత గొప్పవో చెప్పాలి. పదకొండు పాయింట్ల మాట పెట్టి పదకొండు తెచ్చుకోవడానికి కాదు. ఒక్క బిళ్ళని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, రెండుసార్లు లెక్కేయించుకోవడానికి.

బోర్డు మీద ఎవరో "రాగి" అని పెట్టారనుకోండి. మన సంగటి రాగులే, ఆర్-ఏ-జీ-ఐ, ఇంగ్లిషు మాటే, చెల్లుతుంది. అడ్డంగా ఉంది. చివరి అక్షరం ఏది? ఐ. ఆ ఐ నెత్తిన ఉన్న గడిలో మీరు క్యూ పెట్టండి. ఆ క్యూకి కుడిపక్క గడిలో మీ దగ్గరున్న ఐ పెట్టండి. ఏమైంది? పైనుంచి కిందికి చదివితే క్యూ-ఐ. ఎడమ నుంచి కుడికి చదివితే మళ్లీ క్యూ-ఐ. మీరు పెట్టింది రెండు బిళ్ళలు, వచ్చింది రెండు మాటలు. మామూలు గళ్ళలో పడితే 22. ఆ క్యూ పడిన గడి ట్రిపుల్ లెటర్ అయితే? క్యూ ముప్పై అవుతుంది. ముప్పై ఒకటి అడ్డంగా, ముప్పై ఒకటి నిలువుగా. 62! చేతిలోని ఏడు బిళ్ళలూ ఒకేసారి పెడితే వచ్చే 50 బోనసు కంటే ఎక్కువ, రెండే బిళ్ళలతో. బోర్డు మీద ట్రిపుల్ లెటర్ గళ్ళు పన్నెండు ఉంటాయి. దాని కిందనో పక్కనో ఐ ఉందేమో అని ప్రతి వంతులోనూ ఒక కన్నేసి ఉంచండి. మీ చేతిలో క్యూ లేకపోయినా కన్నేయండి, ఎందుకంటే అది ఎదుటివాళ్ల చేతిలో ఉండొచ్చు.

అదే "రాగి" మీద ఎక్స్‌తో చేద్దాం. ఈసారి ఐ నెత్తిన ఎక్స్, దాని ఎడమపక్కన, అంటే జీ నెత్తిన, ఏ. అడ్డంగా ఏ-ఎక్స్, గొడ్డలి. ఎక్స్ నుంచి కిందికి ఎక్స్-ఐ, గ్రీకు అక్షరం. ఏ నుంచి కిందికి ఏ-జీ, వ్యవసాయం అనే మాటకి పొట్టి రూపం. రెండు బిళ్ళలు, మూడు మాటలు, బోనసు గళ్ళు ఏవీ లేకుండానే 21. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, అడ్డంగా ఏర్పడిన మాట ఒక్కటే చూసుకుని కిందికి ఏర్పడినవాటిని చూసుకోరు. ఆ మూడింట్లో ఒక్కటి చెల్లకపోయినా మొత్తం వెనక్కి తీసుకోవాలి. బిళ్ళ వదిలే ముందు ప్రతి కొత్త మాటనీ వేలు పెట్టి చదవండి.

ఎక్స్‌కి రెండక్షరాల మాటలు అయిదు. ఏ-ఎక్స్, ఈ-ఎక్స్, ఓ-ఎక్స్, ఎక్స్-ఐ, ఎక్స్-యూ. చివరిది ఒకప్పటి వియత్నాం చిల్లర నాణెం. అచ్చులు అయిదూ ఎక్స్ పక్కన నిలబడతాయి కాబట్టి ఎక్స్ అంత సులువైన పెద్ద అక్షరం ఇంకొకటి లేదు. జెడ్‌కి కాలిన్స్‌లో మూడు. జెడ్-ఏ అంటే పిజ్జాకి ముద్దు పేరు. జెడ్-ఈ అంటే ఆడా మగా తేడా లేని సర్వనామం. జెడ్-ఓ అంటే హిమాలయాల్లో యాక్‌కీ ఆవుకీ పుట్టే పశువు. టిబెటన్ మాట. విన్నవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాసుకున్నారు. జెడ్-ఓ, డీ-జెడ్-ఓ, జెడ్-హెచ్-ఓ, డీ-ఎస్-ఓ, డీ-జెడ్-హెచ్-ఓ, అయిదూ చెల్లుతాయి. ఇంగ్లిషువాళ్ల చెవికి టిబెటన్ ఎంత ఇబ్బంది పెట్టిందో దీన్నిబట్టి తెలుస్తుంది. జెడ్‌తో ఇంకో రెండు పనిముట్లు గుర్తుపెట్టుకోండి. ఏ-డీ-జెడ్, మన వడ్రంగి బాడిస, 13. జెడ్-ఏ-ఎక్స్, పైకప్పుకి వేసే పలకరాళ్లని కత్తిరించేది, 19.

జే అంటే మన ఇంటి అక్షరం. రెండక్షరాలవి రెండే, జే-ఏ, జే-ఓ. మూడక్షరాల్లోకి రండి. రాజ్, తాజ్, హజ్, జై. అవును, జై చెల్లుతుంది, జే-ఏ-ఐ. పూజ కూడా చెల్లుతుంది, పీ-యూ-జే-ఏ, 13 పాయింట్లు. కొండకి పోయే దారిలో ఘాట్ రోడ్డు ఉందే, ఆ ఘాట్ చెల్లుతుంది, జీ-హెచ్-ఏ-టీ. నెయ్యి రెండు రకాలుగా చెల్లుతుంది, జీ-హెచ్-ఐ, జీ-హెచ్-ఈ-ఈ. శ్రీ చెల్లుతుంది, ఎస్-ఆర్-ఐ. ఏ-ఎన్-ఎన్-ఏ చూసి అన్న అనుకునేరు, అది అణా. 1957లో పైసల లెక్క వచ్చేదాకా పదహారు అణాలు ఒక రూపాయి. పెద్దవాళ్లకి తెలుసు, పిల్లలకి తెలియదు, అందుకని చెప్తున్నాను.

వీ గురించి ఒక్క మాట. వీతో రెండక్షరాల మాట ఒక్కటి కూడా లేదు. ఏ జాబితాలోనూ లేదు. అంటే బోర్డు మీద వీ పడిన చోట, దాన్ని ఆనుకుని పక్కన ఒక్క బిళ్ళ పెట్టి రెండక్షరాల మాట చేయడం కుదరదు. ఆధిక్యంలో ఉన్నప్పుడు దారి మూయడానికి దీన్ని వాడుకోండి. వెనకబడినప్పుడు పొరపాటున మీ దారే మూసుకోకండి.

అచ్చులే, హల్లులే

చేతిలో ఏడుకి ఆరు అచ్చులు వచ్చినప్పుడు ముఖం వేలాడేస్తారు పిల్లలు. వేలాడేయొద్దు. ఏ-ఏ అంటే హవాయి దీవుల్లో గరుకుగా గడ్డకట్టే లావా. ఏ-ఈ స్కాట్లండు మాట, ఒకటి అని అర్థం. ఓ-ఈ అంటే ఫేరో దీవుల దగ్గర లేచే సుడిగాలి. ఈ-ఏ అంటే పాత ఇంగ్లిషు యాసలో ఏరు. వినండి, ఈ-ఏ అంటే ఏరు! చుట్టరికం ఏమీ లేదు, గుర్తుకి మాత్రం బాగుంటుంది. మూడక్షరాల్లో ఏ-ఐ-ఏ ఉంది, అది మన ఆయా. పిల్లల్ని చూసుకునే ఆయమ్మే. నాలుగక్షరాల్లో ఈ-యూ-ఓ-ఐ, గ్రీకు మద్యదేవుడి పూనకంలో వేసే కేక. ఆరక్షరాల్లో ఈ-యూ-ఓ-యూ-ఏ-ఈ, చర్చి కీర్తనల్లో ఒక ముగింపు స్వరం. ఒక్క హల్లు కూడా లేదు!

ఇక హల్లులు. ష్ అని నోరు మూయిస్తామే, ఎస్-హెచ్, చెల్లుతుంది. ఊఁ కొట్టడం హెచ్-ఎం, ఎం-ఎం, చెల్లుతాయి. అయ్యో అని నాలుక చప్పరిస్తామే, టీ-ఎస్-కే. గణితంలో ఎన్నవ స్థానం, ఎన్-టీ-హెచ్. సీ-డబ్ల్యూ-ఎం, దీన్ని "కూమ్" అని చదవాలి. మంచునదులు కొండని తొలిచేస్తే ఏర్పడే గిన్నె లాంటి లోయ. వేల్స్ దేశపు మాట. ఎవరెస్టు ఎక్కేవాళ్లు దాటే వెస్టర్న్ కూమ్ ఇదే, 1921లో మాలరీ అనే పర్వతారోహకుడు పెట్టిన పేరు. డబ్ల్యూని ఊ అని ఎట్లా చదువుతారు అని ఆశ్చర్యపోకండి. యణాదేశ సంధి చదువుకున్నాం కదా? అణు, అస్త్రం, కలిపితే? అణ్వస్త్రం. ఉ పోయి వ వచ్చింది. ఉ, వ రెండూ ఒకే ఇంటి పిల్లలు. వేల్స్‌వాళ్లు డబ్ల్యూని అచ్చుగా వాడుకున్నారు, అంతే. అదే సంధిలో ఇ పోయి య వస్తుంది, ప్రత్యేకం. అందుకే ఇంగ్లిషులో వై కూడా అచ్చు పని చేస్తుంది. పీ-వై-ఎక్స్ అనే మాట అట్లాంటిదే, చర్చిలో ప్రసాదం దాచే చిన్న పెట్టె, 15 పాయింట్లు.

సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు చేతులెత్తండి. బాగుంది. పాశ్చాత్యుల స్వరాలు డో, రే, మి, ఫా, సో, లా, టి, ఏడూ చెల్లుతాయి. మన స ఎస్-ఏ చెల్లదు, రి చెల్లదు, గ చెల్లదు, ధ డీ-హెచ్-ఏ చెల్లదు, ని చెల్లదు. మ, ప మాత్రం చెల్లుతాయి. అవీ స్వరాలుగా కాదు, అమ్మా నాన్నా అనే అర్థంలో. సరిగమలు పాడుకుంటా జాబితా కంఠస్థం చేస్తే అయిదుచోట్ల బోల్తా పడతారు.

అర్థాలతో పనేముంది, మాట చెల్లితే చాలదా అని కొందరు అంటా ఉంటారు. ఆటకి చాలు, నిజమే. కానీ చివర ఎస్ పెట్టొచ్చా లేదా అనేది అర్థమే చెప్తుంది. పశువు, నాణెం, ఆకు, ఇట్లాంటి నామవాచకాలకి ఎస్ దాదాపు ఎప్పుడూ పడుతుంది. క్యూ-ఐకి పడుతుంది, ఏ-ఐకి పడుతుంది, జెడ్-ఓకి పడుతుంది. ఎస్-హెచ్ అనేది నోరు మూయించే శబ్దం, దానికి బహువచనం ఏమిటి? పడదు. హెచ్-ఎంకి కూడా పడదు. కే-వై అంటే స్కాట్లండు మాటలో ఆవులు, అదే బహువచనం, మళ్లీ ఎస్ ఎక్కడిది? ఎస్ బిళ్ళలు నాలుగే ఉన్నాయి. ఎనిమిది పాయింట్లు అదనంగా రాకపోతే ఎస్ ఖర్చుపెట్టకండి, అట్టిపెట్టుకోండి.

ఫోనులో ఆడేవాళ్లకి ఒక మాట. జాబితాలు రెండు. అమెరికాలో రెండక్షరాల మాటలు 107. కాలిన్స్‌లో 127. మన దేశంలో టోర్నమెంట్లు కాలిన్స్ మీదే. జెడ్-ఓ, జెడ్-ఈ, జే-ఏ, ఈ-ఏ, ఎస్-టీ, ఇవన్నీ కాలిన్స్‌లోనే. ఫోను ఆట సెట్టింగ్స్‌లో ఏ జాబితా ఉందో చూడకుండా నేర్చుకుంటే, ఇక్కడికొచ్చి ఆడేటప్పుడు తికమక పడతారు. ఇంట్లో ఆడేటప్పుడైతే, మొదలుపెట్టే ముందే ఏ జాబితానో, ఎదుటివాళ్ల మాట చెల్లదని తప్పుగా సవాలు చేస్తే ఏం జరిమానానో తేల్చుకోండి. మధ్యలో తేల్చుకోబోతే అన్నదమ్ముల పంచాయితీ అవుతుంది.

127 ఎట్లా గుర్తుపెట్టుకోవాలి? రోజుకి పది. పదమూడు రోజులు. అక్షరమాల వరసలో మొదటి అక్షరం పట్టుకుని చదవకండి, ఆటలో అట్లా అవసరం రాదు. చివరి అక్షరం పట్టుకోండి. ఏతో అయ్యేవి ఎన్ని? పదిహేను. ఏ, బీ, డీ, ఈ, ఎఫ్, హెచ్, జే, కే, ఎల్, ఎం, ఎన్, పీ, టీ, వై, జెడ్, వీటి వెనక ఏ పెట్టొచ్చు. ఆర్ లేదు, ఎస్ లేదు, జీ లేదు, డబ్ల్యూ లేదు. ఏవి లేవో కూడా నోటికి రావాలి, ఎందుకంటే పొరపాట్లన్నీ లేనివాటి దగ్గరే. ఒక అట్టముక్క మీద ముందువైపు ఏ ఒక్కటీ రాయండి, వెనకవైపు పదిహేనూ రాయండి. అట్లా ఒక్కో అక్షరానికి ఒక అట్ట. మూడక్షరాల మాటలు వెయ్యికి పైగా ఉన్నాయి, వాటి జోలికి ఇప్పుడే పోకండి. ముందు పెద్ద అక్షరాలున్నవి, ఇందాక చెప్పినవి, అంతవరకే.

సరే, బోర్డులు తెరవండి. ఒక్కో బోర్డుకి ఇద్దరు. సంచీ బాగా కలిపి, చూడకుండా తలా ఒక బిళ్ళ తీయండి. ఏకి దగ్గరగా ఉన్న అక్షరం వచ్చినవాళ్లు ముందు ఆడతారు. ఖాళీ బిళ్ళ వస్తే అది ఏ కంటే ముందు. ఇద్దరికీ ఒకే అక్షరం వస్తే సంచీలో వేసి మళ్లీ తీయండి.